బోర్డు మీద ఒకటి, బిల్లు మీద ఒకటి

మొన్న ఇన్‌కంటాక్స్ కాగితాల కోసం పాత ఫైళ్ళు కింద పోసి వెతుకుతుంటే ఆ రశీదు మళ్ళీ చేతికొచ్చింది. 2021 నవంబరు. ఆరు సెషన్లు, తొమ్మిది వేల రూపాయలు. వివరాలు అన్న గడిలో "వెల్‌నెస్ ప్రోగ్రామ్" అని రాసుంది. మెట్లెక్కే చోట వేలాడే బోర్డు మీద మాత్రం నీలం అక్షరాల్లో "సైకాలజిస్ట్" అని ఉండేది. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకోడానికి నేను మూడు చట్టాలూ, ఒక అమెరికా కోర్టు కేసూ, ఒక ఫ్రాయిడ్ పుస్తకమూ చదవాల్సి వచ్చింది. నేను లాయర్ని కాను, సైకాలజీ చదివినవాణ్ణీ కాను. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. చట్టాన్ని కూడా కోడ్ చదివినట్టే చదివాను: ముందు నిర్వచనాలు, తర్వాత మినహాయింపులు, చివరికి ఎర్రర్ వస్తే ఎవరికి చెప్పుకోవాలి.

ఆ ఏడాది మేలో నాన్న పోయారు. కోవిడ్ రెండో వేవ్. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని పొన్నూరు దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాను. 9వ తేదీ రాత్రి నాన్న వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 91 చూపించింది. అమ్మ వంటింట్లోంచి "ఎంతుందిరా?" అనడిగింది. "95" అన్నాను. రెండు రోజులుగా నిద్ర లేని మనిషి, ఈ రాత్రికి పడుకోనీ, తెల్లారగానే గుంటూరు తీసికెళ్దాం అనుకున్నాను. పొద్దున్నుంచి ఫోన్లు చేస్తే మధ్యాహ్నం మూడింటికి బెడ్ దొరికింది. 16న నాన్న లేరు. ఒక రాత్రి ముందు బయల్దేరి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట నాకు తెలిసిన డాక్టర్లందరూ అన్నారు. కాకపోతే వాళ్ళెవరికీ నేను 95 సంగతి చెప్పలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూచునేవాణ్ణి. మా ఆవిడ ఎవరినో అడిగి, కూకట్‌పల్లి వైపు ఉన్న ఆ బోర్డు వెతికి పట్టుకుంది. మనిషి మంచివాడే, ఇప్పటికీ అదే అంటాను. గోడ మీద ఐదు సర్టిఫికెట్లు. వాటిలో ఒకటి నిజమైన ఎమ్మే సైకాలజీ. మిగిలినవి హిప్నోథెరపీ లాంటి వారం పది రోజుల కోర్సులవి. నాలుగు సెషన్లు ఆఫీసు గురించీ, నిద్ర గురించీ మాట్లాడాను. ఐదో దాంట్లో 91, 95 సంగతి చెప్పాను. పుట్టి పెరిగాక ఎవరి ముందూ అంత ఏడవలేదు. ఆయన మంచినీళ్ళిచ్చి, వచ్చేవారం అమ్మగారిని కూడా తీసుకురండి, ఫ్యామిలీ సెషన్ చేద్దాం అన్నాడు. తీసికెళ్ళాను. పావుగంట మామూలు మాటలయ్యాక, "మీ అబ్బాయి ఒక బరువు మోస్తున్నాడమ్మా, అది మీతో పంచుకుంటే గాయం మానుతుంది" అని మొదలుపెట్టి, నేను ఆపేలోగా మొత్తం చెప్పేశాడు.

అమ్మ అక్కడేమీ అనలేదు. క్యాబ్‌లోనూ అనలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "నాకు చెప్పుంటే ఆ రాత్రి పడుకునేదాన్ని కాదు కదరా" అంది. అంతే. మళ్ళీ ఈ నాలుగేళ్ళలో ఆ ఊసెత్తలేదు.

కోపం నాకు వారం తర్వాత వచ్చింది. ఇంజినీరింగ్‌లో నా జూనియర్ ఒకతను తర్వాత లా చదివి హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఫోన్ చేసి ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో చెప్పమన్నాను. "అతనెవరన్నా?" అన్నాడు. సైకాలజిస్ట్ అన్నాను. "అది సరే, చట్టం లెక్కలో ఎవరు?" అన్నాడు. జవాబు నా దగ్గర లేదు.

తనే దారి చూపించాడు. మన దేశంలో ముందు చూడాల్సింది 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం. వైకల్యం ఉన్నవాళ్ళకి పునరావాస సేవలందించే వృత్తుల కోసం చేసిన చట్టమది. అందులోని జాబితాలో వినికిడి పరీక్షలు చేసేవాళ్ళకీ, చెవి మిషన్లకి అచ్చులు తయారుచేసే టెక్నీషియన్లకీ మధ్యలో, రెండో నంబరుగా క్లినికల్ సైకాలజిస్టులు కనిపిస్తారు. రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేను ఒక్క సెషన్‌కి కట్టింది పదిహేను వందలు.

తర్వాత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మేలో అమల్లోకొచ్చింది. ఇది క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో వివరంగా చెబుతుంది: రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు, లేదా పీజీ మీద రెండేళ్ళ పూర్తికాలపు ఎంఫిల్, దాంట్లో పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూసిన అనుభవం. మానసిక ఆరోగ్య నిపుణుల నిర్వచనంలో సైకియాట్రిస్టులతో పాటు ఆయుర్వేదం, హోమియో, యునానీ, సిద్ధ వైద్యాల్లో మనోరోగాల మీద పీజీ చేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్త సైకాలజిస్ట్ మాత్రం లేడు. అంటే క్లినికల్ అనే విశేషణానికి కాపలా ఉంది, దాని పక్కనున్న నామవాచకానికి లేదు. మనవాడు బోర్డు మీద ఆ విశేషణం రాయలేదు. తెలిసే వదిలేశాడో, తెలియకో గానీ, ఆ ఒక్క మాట లేకపోవడంతో ఆయన రెండు చట్టాల్లోనూ తగలకుండా బయటికొచ్చేశాడు.

అదే చట్టంలో గోప్యత హక్కు కూడా ఉంది, చాలా గట్టిగా. కానీ ఆ హక్కు మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తిది. అనారోగ్యం అంటే ఆలోచనలోనో, మూడ్‌లోనో, గ్రహణశక్తిలోనో, జ్ఞాపకంలోనో గణనీయమైన లోపం వచ్చి, మనిషి విచక్షణనీ ప్రవర్తననీ తీవ్రంగా దెబ్బతీసేది. నేను రోజూ పొద్దున పదింటికి స్టాండప్ కాల్‌లో మాట్లాడుతున్నాను, ఇన్‌స్టాల్‌మెంట్లు కడుతున్నాను. నా దుఃఖం ఆ నిర్వచనానికి చాలదు. ఆయన చట్టం లెక్కలో నిపుణుడు కాడు, నేను చట్టం లెక్కలో రోగిని కాను. మా ఇద్దరి మధ్యా ఆ గదిలో జరిగింది చట్టం లెక్కలో ఏమీ కాదు.

"వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చన్నా" అన్నాడు జూనియర్. "డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం. కాకపోతే బిల్లు మీద వెల్‌నెస్ అని ఉంది. వెల్‌నెస్‌లో లోపం ఏమిటో మనం రుజువు చెయ్యాలి. అమ్మగారు వచ్చి సాక్ష్యం చెప్పాలి." అక్కడితో ఫోన్ పెట్టేశాను.

మూడో చట్టం సరిగ్గా ఆ ఏడాదే వచ్చింది. 2021 మార్చిలో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, క్లినికల్ కాని సైకాలజిస్టుల్నీ కౌన్సెలర్లనీ "బిహేవియరల్ హెల్త్" అనే శీర్షిక కిందికి తెచ్చింది. మానసిక ఆరోగ్యం అనేకంటే ఈ మాటే మేలు అని నిర్వచనం మధ్యలో ఒక వ్యాఖ్య కూడా ఉంది. చట్టాల్లో ఇలాంటి అభిరుచి ప్రకటనలు కూడా ఉంటాయని నేననుకోలేదు. కాగితం మీద బాగుంది. కానీ రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు పెట్టాలి, రిజిస్టర్లు తెరవాలి. చివరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కల్పించుకుని, రెండు నెలల్లో అమలు చెయ్యమని కేంద్రానికీ రాష్ట్రాలకీ చెప్పాల్సి వచ్చింది. నా రశీదు మీద తేదీ 2021 నవంబరు.

ఈ సంగతి నాకు కొత్తగా అనిపించకూడదు నిజానికి. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఉండేవాడు. ఆ మూడక్షరాలకి అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని పదో తరగతిలోనో ఎప్పుడో తెలిసింది. ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదని ఊరందరికీ తెలుసు. అయినా జ్వరమొస్తే అందరం ఆయన దగ్గరికే. సైకిల్ మీద వచ్చి సూది వేసి, రేపు తగ్గకపోతే పొన్నూరు తీసికెళ్ళండి అనేవాడు. ఆ రేపు అనే మాట దగ్గరే చాలామంది పోయారు, ఆ రేపు దాకా నిలబెట్టినందుకు చాలామంది బతికారు. మనసు విషయంలో మన నగరాలు ఇప్పుడా ఆర్‌ఎంపీ దశలో ఉన్నాయి. ఊళ్ళలో ఆ సైకిల్ కూడా లేదు.

మనిషికి ఉన్న పట్టాని బట్టి నిర్వచిస్తే ఇలా సందులు మిగులుతాయి కదా, మరి చేసే పనిని బట్టి నిర్వచిస్తేనో? అమెరికాలో ఆ దారి పట్టారు. 1945లో కనెటికట్‌తో మొదలై 1977లో మిసౌరీతో యాభై రాష్ట్రాల్లోనూ సైకాలజిస్టులకి చట్టాలొచ్చాయి. కెంటకీ చట్టంలో ఆ పని నిర్వచనం సారాంశంగా ఇది: మనుషుల ప్రవర్తనని అర్థం చేసుకోడానికీ, ముందుగా ఊహించడానికీ, ప్రభావితం చెయ్యడానికీ ఉన్న సూత్రాల్ని, పద్ధతుల్ని వాడి సేవలందించడం. ఇది చదివి నేను ఒక్కసారి ఆగిపోయాను. నేనొక షాపింగ్ యాప్‌కి నోటిఫికేషన్లు పంపే టీమ్‌లో పనిచేస్తాను. అర్థం చేసుకోవడం, ఊహించడం, ప్రభావితం చెయ్యడం, ఈ మూడూ ప్రతి మూణ్ణెల్లకీ మా స్లైడ్లలో ఇదే వరసలో ఉంటాయి. అర్ధరాత్రి దాటాక యాప్ తెరిచేవాళ్ళకి మర్నాడు సరిగ్గా ఆ వేళకే ఒక మెసేజ్ వెళ్ళాలన్న నియమం నేను రాసిందే. నిద్రపట్టని ఆ రోజుల్లో రాత్రి ఒంటిగంటా నలభైకి నా ఫోనే మోగేది, నా నియమం ప్రకారం. లక్షల మంది మీద రోజూ చేస్తున్న ఈ పనికి లైసెన్సేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కెంటకీ బోర్డు ఎవరిని అడిగిందంటే, ఒక పత్రికా కాలమిస్టుని. జాన్ రోజ్‌మండ్ అనే ఆయన అప్పటికే పిల్లల పెంపకం మీద దశాబ్దాలుగా కాలమ్ రాస్తూ ఉన్నాడు. సొంత రాష్ట్రం నార్త్ కరొలైనాలో లైసెన్సు ఉండేది, కెంటకీలో లేదు. 2013లో చదువు పట్టించుకోని టీనేజీ కొడుకు గురించి తల్లిదండ్రులు రాస్తే, వాడి వసతులు తీసేసి దారిలో పెట్టమని జవాబిచ్చాడు. బోర్డు నుంచి నోటీసు వచ్చింది: ఫలానా కుటుంబానికి ఫలానా సలహా ఇవ్వడం సైకాలజీ ప్రాక్టీసే, పేరు కింద ఫ్యామిలీ సైకాలజిస్ట్ అని వేసుకోవడమూ తప్పే, ఆపేస్తానని సంతకం పెట్టు. ఆయన సంతకం పెట్టకుండా ఫెడరల్ కోర్టుకెళ్ళాడు. 2015 సెప్టెంబరులో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. పేపరు చదివేవాడికీ రాసేవాడికీ మధ్య డాక్టరుకీ రోగికీ ఉండే లాంటి సంబంధం లేదన్నది దాంట్లో కీలకమైన మాట.

ఈ కేసు చదువుతున్నంతసేపూ నాకు మాలతీ చందూర్ గుర్తొచ్చారు. ఆంధ్రప్రభలో ప్రమదావనం, తర్వాత స్వాతిలో నన్ను అడగండి. అత్తగారి గురించీ, మొగుడి తాగుడు గురించీ, చదువాపేసిన నాన్న గురించీ ఎన్ని దశాబ్దాలు, ఎన్ని ఉత్తరాలు! మా అమ్మ తన పెళ్ళయిన కొత్తలో ఆవిడకో ఉత్తరం రాసి, పోస్టు చెయ్యకుండా బియ్యం డబ్బాలో దాచిందట. కెంటకీ బోర్డు వారి లెక్కన ఆవిడకి వారానికొక నోటీసు వెళ్ళాలి.

ఫ్రాయిడ్ దగ్గరికి నేను చట్టం వెంట పోతూ పోతూ చేరాను. వియన్నాలో ఆయన శిష్యుడు థియోడర్ రైక్, వైద్యం చదవనివాడు, డాక్టరేట్ మాత్రం ఉంది. మెడిసిన్ పట్టా లేకుండా వైద్యం చేస్తున్నాడని ఆయన మీద కేసు పెట్టారు, తర్వాత అది వీగిపోయింది. ఆ సందర్భంలోనే 1926లో ఫ్రాయిడ్ ఒక చిన్న పుస్తకం రాశాడు, వైద్యులు కానివాళ్ళు సైకోఎనాలిసిస్ చెయ్యొచ్చా అని. ఊహించుకున్న ఒక నిష్పాక్షిక అధికారితో సంభాషణలా నడుస్తుంది. మిగతా ఫ్రాయిడ్‌ని ఒప్పుకోనివాళ్ళు కూడా దీన్ని సరదాగా చదవొచ్చు, ఆ అధికారి తెలివైనవాడు, తేలిగ్గా లొంగడు. నకిలీ వైద్యుడంటే పట్టా లేనివాడని చట్టం అంటోంది, చికిత్సకి కావలసిన జ్ఞానమూ సామర్థ్యమూ లేనివాడని అనుకుందాం అంటాడు ఫ్రాయిడ్. అనుకున్నాక, ఆ లెక్కన ఈ రంగంలో నకిలీల్లో ఎక్కువమంది డాక్టర్లే అని తేలుస్తాడు. వాదన బాగుంది. కానీ పుస్తకం మూసేశాక నాకొకటి అనిపించింది. ఇందులో అంతా ఎవరికి చెయ్యడం తెలుసు అన్న గొడవే. నా కేసులో ఆయనకి తెలియనిదేమీ లేదు. వినడం తెలుసు, ఏడిపించడం కూడా తెలుసు. నేను పోగొట్టుకున్నది ఇంకోటి.

అదేమిటో మా ఊళ్ళోనే తెలిసింది. నాన్న స్నేహితుడొకాయన, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్. మేం పోస్టాఫీసు బాబాయ్ అంటాం. సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు భోజనాలయ్యాక అరుగు మీద కూచోబెట్టి, "ఆ రెండు రోజులూ ఏం జరిగిందో వరసగా చెప్పు" అన్నాడు. చెప్పాను, 95తో సహా. నీ తప్పేం లేదులే అనలేదు. చుట్ట ఆరిపోయినా వెలిగించుకోలేదు. చీకటి పడ్డాక లేచి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను ఆరుగంటలు నిద్రపోయాను. అమ్మ ఆయన్ని అడిగిందట, వాడేం చెప్పాడన్నయ్యా అని. వాడి ఆఫీసు సంగతులమ్మా అన్నాడట. తర్వాత నేను దాని గురించి అడిగితే నవ్వి, "మాకు సర్వీసులో చేరినప్పుడే చెప్పేవాళ్ళురా, ఇతరుల కవరు విప్పితే రెండేళ్ళ జైలని" అన్నాడు. చూశాను, నిజమే. 1898 నాటి పోస్టాఫీసు చట్టం. పదిహేను పైసల కార్డుల కాలంలో ఉద్యోగం చేసిన మనిషికి ఆ భయం, ఆ మర్యాద రిటైరైన పదిహేనేళ్ళకి కూడా పోలేదు.

ఇదే మాట బెంగళూరులో క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ చేసిన ఒక స్నేహితురాలితో అన్నాను: పట్టాలూ నిర్వచనాలూ వదిలేసి, డబ్బు తీసుకుని ఎవరు ఎవరి బాధ విన్నా దాన్ని బయటపెట్టకూడదని ఒక్క నియమం పెడితే చాలదా? ఆవిడకి కోపమొచ్చింది. "మేం రెండేళ్ళు రోజూ వార్డుల్లో నిలబడి నేర్చుకుంది నోరు మూసుకోవడం ఒక్కటేనా? నీ పోస్టాఫీసు బాబాయ్ ముందు కూచున్న మనిషి మర్నాడు పురుగుమందు తాగబోతున్నాడనుకో, ఆయన గుర్తుపడతాడా? గుర్తుపట్టినా, అప్పుడు ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో తెలుసా? నోరు విప్పాల్సిన చోటు కూడా మాకు నేర్పుతారు." నా దగ్గర జవాబు లేదు. గుంటూరు జిల్లాలో పురుగుమందు మాట ఉపమానం కాదు. కాసేపాగి తనే అంది, "కానీ మేం ఎంతమందిమి? మీ ఊరికి నేనొస్తానా?" దానికీ జవాబు లేదు. ఆమె ఇప్పుడు సింగపూర్‌లో ఉంది.

నిద్ర మళ్ళీ పోయింది, కిందటేడు. బాబాయ్ కూడా పోయాడు ఆ చలికాలంలో. ఈసారి నేనే వెతుక్కున్నాను. మొదటిరోజు కుర్చీలో కూచోగానే, రెస్యూమె అడిగే హెచ్ఆర్ వాడిలా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ నంబరు చెప్తారా అండీ అనడిగాను. ఆవిడకి యాభై ఉంటాయి. ఏమీ అనుకోలేదు. బల్ల మీదున్న ఫ్రేమ్ నా వైపు తిప్పింది. ఫోన్‌లో ఆన్‌లైన్ రిజిస్టర్ తెరిచి ఆవిడ ముందే సరిచూసుకున్నాను. పేరుంది.

"ఇంకేమైనా అడగాలా?" అంది.

"మా అమ్మ ఫోన్ చేసి అడిగితే ఏం చెప్తారు?"

"మీరు ఇక్కడికి వస్తున్నారని కూడా చెప్పను. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే తప్ప. అప్పుడు కూడా ముందు మీకు చెప్పాకే. ఇది మీకు రాసిస్తాను, చదివి సంతకం పెట్టండి."

రెండు పేజీల కాగితం. రెండుసార్లు చదివాను. పైన సేవ పేరు రాసే గడి ఉంది, దాంట్లో ఏం రాసుందో కూడా చూశాను. సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టి, మొదలుపెట్టాను. 2021 మే 9, ఆదివారం. పొద్దున ఆరున్నరకి నాన్న లేచి కాఫీ వద్దన్నారు.